మూడు దెబ్బలు

చిన్న ఎయిర్‌పోర్టుల్లో పెట్రోలు పంపు దగ్గర విమానం ఆగగానే ఎవరో ఒకరు నడుచుకుంటూ వస్తారు. చేతులు జేబుల్లో పెట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరుగుతారు. రెక్క దగ్గర వంగి, రేకుల్ని కలిపి బిగించిన రివెట్ల వరసల మీదుగా చూపు పోనిస్తారు. అప్పుడు అడుగుతారు, "మీరే చేశారా దీన్ని?" అని.

"నేనే. తొమ్మిదేళ్ళు పట్టింది," అంటాడు రాయిస్ కుచెరా.

అప్పటికి అతని భార్య నెల్డా ఇంకా వెనక సీట్లోంచి దిగుతూ ఉంటుంది. ఒక కాలు రెక్క మీద, ఒక కాలు లోపల. ఈ వసంతంలో ఎడమ భుజానికి ఆపరేషన్ అయింది కాబట్టి కుడిచేత్తోనే అంచు పట్టుకుని నెమ్మదిగా దిగాలి. ఆమె కింద కాలు మోపేసరికి ఆ మాట అయిపోయి, ఇంజను సంగతో, ఎంత వేగం వెళుతుందన్న సంగతో మొదలవుతుంది.

గురువారం పొద్దున నెబ్రాస్కాలో తమ పొలం పక్క గడ్డి నేల మీంచి లేచిన దగ్గర్నుంచి ఆ మాట వినడం ఆమెకు ఇది మూడోసారి. రాయిస్ దాన్ని గొప్పగా చెప్పుకోడు. చక్రం వైపు చూస్తూ, కొంచెం సిగ్గుపడుతూనే చెబుతాడు. అబద్ధం ఆడేవాడి గొంతు కాదది. అందుకే ఆమెకు మధ్యలో ఏమనాలో తోచేది కాదు.

రెండు సీట్ల విమానం, ఒకదాని వెనక ఒకటి. ముందు కూర్చున్నవాళ్ళకి ఆకాశం, వెనక కూర్చున్నవాళ్ళకి ముందువాళ్ళ మెడ. అయితే పక్కలకి చూడాలంటే వెనక సీటే మేలు. డకోటా ఎర్రనేలల మీద, వానలు తొలిచేసిన మట్టి గోపురాల మీద ఎగురుతున్నప్పుడు రాయిస్ హెడ్‌సెట్ మైకులో, "నెల్, కుడివైపు," అని విమానాన్ని ఆ పక్కకి వంచాడు. రెక్క కిందకి దిగి, దాని అవతల నేలంతా పొరలు పొరలుగా లేచి కనబడింది. ఒక్క నిమిషం తర్వాత రెండో పక్కకి వంచాడు. ఆమె చూడడం అయిందని చెప్పేదాకా అక్కడే గుండ్రంగా తిప్పాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అడక్కుండా అతను చేసే పనులు ఇలాంటివే.

ఒళ్ళో మడిచి పెట్టుకున్న మ్యాపు మీద పెన్సిలు గీత పడమరకి, ఆ పైన ఉత్తరానికి వెళుతుంది. ఆ గీత చివర, మోంటానా కొండల్లో, ఎర్ర సిరాతో ఒక సున్నా ఉంది. అది గీసింది నెల్డా. మంచు కరిగి కిందకి జారే చోట్ల ఏర్పడిన చెరువుల్ని పైనుంచి చూస్తే పాలు కలిపిన నీలంలా ఉంటాయని ఎక్కడో చదివింది. చలికాలమంతా ఆ మ్యాపు వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. భుజం నొప్పితో నిద్ర పట్టనప్పుడల్లా లేచి వెళ్ళి ఆ సున్నా చూసేది. ఈ ప్రయాణంలో అతనిది విమానమైతే, ఆమెది ఆ సున్నా.

శుక్రవారం సాయంత్రానికి వయోమింగ్‌లో టర్లీ అనే చిన్న ఊళ్ళో దిగారు. ఒక రన్‌వే, మూడు రేకుల షెడ్లు, ఒక కుంటి సోఫా ఉన్న గది. ఆ చోటుని చూసుకునే బర్డెట్ లండ్ డెబ్భై దాటిన మనిషి. పెద్ద పొట్ట, ప్యాంటు జారకుండా భుజాల మీంచి వెడల్పాటి పట్టీలు. అతనూ ఇంట్లో ఒక విమానం చేసుకున్నవాడే. విమానం చుట్టూ తిరిగి, వంగి, అందరూ అడిగేదే అడిగాడు. రాయిస్ అందరికీ చెప్పేదే చెప్పాడు.

బర్డెట్ నెల్డా వైపు తిరిగాడు. "ఈయన చేసిన దాంట్లో కూర్చోడానికి మీకు భయం వెయ్యదా అమ్మా?"

"ఆయన వండింది తినడానికి భయం. ఇది పర్లేదు," అంది నెల్డా.

ముగ్గురూ నవ్వారు. వాతావరణం ఆదివారం మధ్యాహ్నం దాకా బాగుంటుందని, ఆ తర్వాత కొండల మీదకి మబ్బులు దిగుతాయని బర్డెట్ చెప్పాడు. రేపు శనివారం కాబట్టి ఇక్కడ పాన్‌కేకుల ఉపాహారం ఉంటుందని, చుట్టుపక్కల విమానాలవాళ్ళంతా వస్తారని, అది తినకుండా వెళ్ళనివ్వనని కూడా చెప్పాడు. ఊళ్ళో లాడ్జికి వెళ్ళడానికి, వచ్చినవాళ్ళ కోసం ఉంచే పాత కారు తాళం చేతిలో పెట్టాడు. దాని డ్రైవరు పక్క తలుపు బయటినుంచి మాత్రమే తెరుచుకుంటుంది.

శనివారం పొద్దున విమానం ఒళ్ళంతా మంచు తడి. రాయిస్ ఇంజను మూత తెరిచి నూనె చూస్తున్నాడు. నెల్డా పాత తువ్వాలుతో, రోజూ చేసేలాగే, ముందునుంచి వెనక్కి తుడుచుకుంటూ పోతోంది. తోక దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు మీద నల్లటి చార పడింది.

ఆమె ఆగింది. ఒక రివెట్టు తల వెనక, గాలి వాలుకి, గోరంత పొడుగున నల్లని గీత. దాని పక్కదానికీ ఉంది. వేలితో రుద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. జిడ్డు లేదు. పొడిగా, పలక మీద సుద్దలాగా ఉంది. లెక్కపెట్టింది. ఏడు.

ఏడు అని తేలాక మళ్ళీ లెక్కపెట్టలేదు. అవి ఎన్నో ఆమెకు ముందే తెలుసు.

తలెత్తి చూస్తే వాయవ్యాన ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఒక పూట ప్రయాణం. సాయంత్రానికి చెరువుల మీద ఉంటారు. తువ్వాలుని నల్లచార లోపలికి పోయేలా మడిచింది. మడిచి, చంకలో పెట్టుకుని, అలాగే కాసేపు నిలబడింది. అవతల షెడ్డులో పెనం మీద పిండి పోసిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినబడ్డాయి.

"రాయిస్, ఒకసారి ఇటు రా," అంది.

అతను వచ్చి చూశాడు. పొగగొట్టం మసి అన్నాడు. మసైతే జిడ్డుగా ఉంటుందంది ఆమె. కింద వేసిన రంగు ఊడుతోందేమోనన్నాడు. ఆమె ఒక రివెట్టు మీద బొటనవేలు ఆనించి, పక్కన రేకుని అరచేత్తో నొక్కింది. రివెట్టు తల వెంట్రుకవాసి కదిలింది. రివెట్టు వదులైతే రేకుల మధ్య ఒరుసుకుని లోహమే ఇలా నల్లటి పొడిగా బయటికి వస్తుంది. విమానాలు చేసుకునే వాళ్ళెవరికీ ఇది చెప్పక్కర్లేదు.

"ఏడున్నాయి. వేలల్లో ఏడు. ఈ విమానానికి పన్నెండు వేల రివెట్లున్నాయి నెల్," అన్నాడు రాయిస్. "కొండలు చూసి వచ్చి, ఇంటి దగ్గర తీరిగ్గా మారుద్దాం. రేపు మధ్యాహ్నం వరకే మనకి టైము. నీ చెరువుల కోసమే కదా ఇంత దూరం వచ్చింది."

"కొండల మీద గాలి కుదుపుతుంది. ఏడూ ఒకే వరసలో ఉన్నాయి. నేను ఎక్కను."

పాన్‌కేకుల పళ్ళాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు అప్పటికే ఇటు చూస్తున్నారు. రాయిస్ గొంతు తగ్గించాడు. "తొమ్మిదేళ్ళు చేశాను దీన్ని. నాకు తెలీదా?"

"నీకు బయటినుంచి తెలుసు," అంది నెల్డా.

అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఆమె అక్కడే నిలబడింది. ఆ మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది.

బర్డెట్ ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఏమైందని అడగలేదు. ఏడు రివెట్ల మీదా వరసగా బొటనవేలు పోనిచ్చి, వేలు చూసుకున్నాడు. ఇలాంటి చోట్ల ఒకడి రివెట్లు బాగాలేవని ఇంకొకడు నోటితో అనడు. అతను నడుచుకుంటూ తన షెడ్డుకి వెళ్ళి, పెద్ద తలుపు రెండు పక్కలకీ తోసి, రివెట్లు కొట్టడానికి గాలినిచ్చే కంప్రెసరు స్విచ్చి వేశాడు.

కంప్రెసరు దడదడమంటూ మొదలవగానే పాన్‌కేకుల బల్ల దగ్గర రాయిస్ తల తిప్పాడు. చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదకి తమ పళ్ళాల్లోకి చూసుకున్నారు. అతను ఫోర్కు కింద పెట్టి, నోట్లోది మింగి, లేచాడు.

ముగ్గురూ కలిసి విమానాన్ని షెడ్డులోకి తోశారు. రివెట్టు వెయ్యడం ఒక్కరి పని కాదు. బయట ఒకరు గాలితో కొట్టే గన్ను పట్టుకుంటారు. లోపల ఒకరు రివెట్టు కాడకి ఇనుప దిమ్మ ఆనించి ఉంచుతారు. గన్ను కొట్టిన దెబ్బకి కాడ దిమ్మ మీద నలిగి, బొత్తాంలా చదునవుతుంది. ఆ మోతలో మాటలు వినబడవు కాబట్టి లోపలివాళ్ళు దిమ్మతో రేకు మీద కొట్టి చెబుతారు. ఒక దెబ్బ అంటే ఇంకొంచెం కొట్టు. రెండంటే బాగుంది, తర్వాతదానికి పద. మూడంటే ఇది పాడైంది, తీసెయ్యి. యుద్ధకాలంలో విమానాల కార్ఖానాల నుంచి వచ్చిన అలవాటు. విమానాలు చేసేవాళ్ళ షెడ్లలో ఇప్పటికీ ఉంది.

తోక లోపలికి మనిషి వెళ్ళాలంటే వెనక సీటు ఊడదీసి, సామాను గది గోడ విప్పి, పలక పరిచి, బోర్లా పాక్కుంటూ వెళ్ళాలి. తొమ్మిదేళ్ళూ అలా వెళ్ళింది నెల్డా. సన్నగా ఉంటుంది కాబట్టి ఆమే వెళ్ళాలన్నాడు రాయిస్. ఇప్పుడు భుజం తిరగదు.

"నా పొట్ట ఈ గుహలో పట్టదు," అన్నాడు బర్డెట్.

రాయిస్ చొక్కా జేబులో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు, పెన్ను, వేరుశనగల పొట్లం. టార్చి నోట కరిచి లోపలికి పాకాడు. మొదట మోచేతులు, తర్వాత నడుము, చివరికి బూట్ల అడుగులు మాత్రం కనబడ్డాయి. లోపల ఏదో తగిలి తిట్టుకున్నాడు. "ఇంత ఇరుకా ఇది," అని గొణిగాడు. కాళ్ళు ఇంకొంచెం లోపలికి జరిగాయి.

ఆ తర్వాత కదలిక లేదు.

నెల్డా బయట రేకు మీద చెయ్యి ఆనించి ఎదురుచూసింది. అతను ఏం చూస్తున్నాడో ఆమెకు తెలుసు. అల్యూమినియం మీద పెన్సిలుతో రాయకూడదు, ఆ గీత లోహాన్ని తినేస్తుంది. అందుకని స్కెచ్ పెన్నుతో రాసేది. ఏడు రివెట్ల చుట్టూ ఏడు నల్ల సున్నాలు. పక్కన ఒక తేదీ. మార్చి పద్నాలుగు.

"నెల్," అని లోపలినుంచి పిలిచాడు. రేకుల మధ్య అతని గొంతు వేరే మనిషిదిలా ఉంది. "ఇది మిలోని పాతిపెట్టిన రోజు."

"అవును."

మిలో అతని అన్న. స్మశానం నుంచి ఇంటికి రాగానే రాయిస్ నల్ల ప్యాంటు కూడా మార్చుకోకుండా షెడ్డులోకి వెళ్ళి కంప్రెసరు వేశాడు. పద, పని చేద్దాం అన్నాడు. ఆమె లోపలికి పాకింది.

"ఆ రోజు నువ్వు గన్ను గట్టిగా పట్టుకోలేదు. దిమ్మ ఎగిరిపోయింది. మూడుసార్లు కొట్టాను. నువ్వు తర్వాతదానికి వెళ్ళిపోయావు. మళ్ళీ మూడుసార్లు కొట్టాను. ఏడింటికీ కొట్టాను రాయిస్."

"నాకు వినబడలేదు."

"తెలుసు. బయటికి వచ్చి చూస్తే ఏడుస్తున్నావు. వినబడి ఉంటుందని నేను అనుకోలేదు."

కంప్రెసరు గాలి నిండి తనంతట తాను ఆగింది. ఒక్కసారిగా షెడ్డంతా నిశ్శబ్దమైంది. బర్డెట్ అవతల గోడ దగ్గర డ్రిల్లు ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. అన్నీ ఒకే సైజువని తెలిసి కూడా చూస్తున్నాడు.

"తర్వాతైనా చెప్పొచ్చుగా," అన్నాడు రాయిస్ లోపలినుంచి.

"చెబుదామనుకున్నాను. వారం ఆగుదామనుకున్నాను. ఈలోగా నువ్వు తోక పైకప్పు రేకు బిగించి మూసేశావు." మిగతాది చెప్పకుండా ఉండొచ్చు. కానీ సగం చెప్పి ఆపడం ఆమె వల్ల కాలేదు. "ఆ తర్వాత అందరికీ నేనే చేశానని చెప్పడం మొదలుపెట్టావు. సరే, నీదే కదా, నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. అది నా తప్పు. ఉక్రోషం."

బూట్లు కదిలాయి. "తెలిసి తెలిసి రెండేళ్ళ నుంచి ఇందులో కూర్చున్నావా?"

"నువ్వూ ఇందులోనే కూర్చున్నావుగా."

ఆ తర్వాత అతను అడిగింది ఒక్కటే. "ఇలాంటివి ఇంకా ఎక్కడున్నాయి?"

"ఎక్కడా లేవు. మిగతా అన్ని రోజులూ మూడంటే ఆగావు."

మధ్యాహ్నానికల్లా పాత రివెట్లు డ్రిల్లుతో తీసేశారు. ఏడూ ఒక కాఫీ డబ్బా మూతలో పడ్డాయి. వాటి కాడలు ఒక పక్కకి ఒరిగి, నలిగిన టోపీల్లా ఉన్నాయి. కొత్తవి ఒక సైజు పెద్దవి కావాలి. బర్డెట్ దగ్గర ఉన్నాయి, కానీ ఎక్కడున్నాయో వెతకడానికి గంట పట్టింది. దొరికిన డబ్బా మీద 'పిల్లి మందులు' అని రాసి ఉంది.

రాయిస్ దిమ్మ పట్టుకుని మళ్ళీ లోపలికి పాకాడు. బర్డెట్ గన్ను అందుకుని గొట్టం తగిలించాడు. "నేను కొడతాలే, సిద్ధమేనా," అని అరిచాడు.

"ఆమెకివ్వు," అన్నాడు రాయిస్ లోపలినుంచి.

నెల్డా ఈ విమానం మీద గన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. అనుకున్నదానికంటే బరువుంది. బర్డెట్ చెక్కముక్క మీద రెండుసార్లు కొట్టించి, భుజంతో కాదు అరచేత్తో ఒత్తాలని చెప్పి తప్పుకున్నాడు. ఆమె మొదటి రివెట్టు తల మీద గన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గరు నొక్కింది. తోకంతా గంటలా మోగింది. లోపల ఆ మోత ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పళ్ళలోకి దిగుతుంది. చూపు మసకబారుతుంది. మణికట్టు గంటసేపు తనది కానట్టుంటుంది.

గన్ను ఆపింది. లోపలినుంచి వెంటనే రెండు దెబ్బలు.

"కొలిచావా?" అంది నెల్డా.

లోపల కొలత పట్టీ రేకుకి గీసుకున్న చప్పుడు. తర్వాత, కొంచెం ఆలస్యంగా, ఒక దెబ్బ. ఆమె ఇంకొంచెం కొట్టింది. అప్పుడు రెండు.

మూడో రివెట్టుకి దిమ్మ జారింది. గన్ను కింద రేకు బోలుగా పలకడంతో ఆమెకి బయటే తెలిసిపోయింది. ఏమీ అనకుండా ఆగింది. లోపల అతను కొలిచి, మళ్ళీ కొలిచాడు. మూడు దెబ్బలు కొట్టాడు. ఆమె గన్ను పక్కన పెట్టి డ్రిల్లు తీసుకుంది.

ఒక రివెట్టుకి ఇరవై నిమిషాలు పట్టింది. షెడ్డు తలుపులోంచి వాయవ్యాన కొండల మీద తెల్లగా ఏదో చేరడం కనబడింది. చెప్పినదానికంటే ఒక రోజు ముందే వస్తోంది. ఆమె ఒకసారి చూసి, మళ్ళీ రివెట్టు వైపు తిరిగింది.

ఏడోదానికి రెండు దెబ్బలు వినబడ్డాక ఆమె గన్ను కింద పెట్టి, వేళ్ళు విదిలించుకుంది. రాయిస్ బయటికి రాలేదు. బూట్లు అలాగే ఉన్నాయి. లోపల టార్చి వెలుతురు మాత్రం నీళ్ళు కారిపోవడానికి వదిలిన చిన్న కన్నాల్లోంచి అక్కడొకటి ఇక్కడొకటి మెరుస్తూ ముందుకీ వెనక్కీ జరుగుతోంది.

"బాగానే ఉన్నావా?" అని అడిగింది.

"చదువుతున్నాను," అన్నాడు.

తొమ్మిదేళ్ళ రాత అది. తేదీలు, కొలతలు. 'ఈ వరస బాగా వచ్చింది.' 'చలి, వేళ్ళు కదలడం లేదు.' 'రాయిస్ ఈలపాట, ఇక్కడిదాకా వినబడుతోంది.' ఎవరూ చదవరని రాసినవి. ఆమెకు చెవులు వేడెక్కాయి. వద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

బర్డెట్ రెండు కప్పుల కాఫీ తెచ్చి ఒకటి ఆమెకిచ్చాడు. కొత్త రివెట్ల వరస మీద అరచెయ్యి పోనిచ్చి, తల పంకించాడు. మధ్యాహ్నమంతా ఈ ఇద్దరి పనీ చూశాడు కదా, ఈసారి అడిగే పద్ధతి మార్చాడు.

"నిన్న ఆయన్ని అడిగాను. ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నానమ్మా. ఈ విమానం ఎవరు చేశారు?"

నెల్డా కాఫీ ఊదుకుంది. "ఆయనే చేశాడు," అంది, ఎప్పటి అలవాటుగానే. "నేను దిమ్మ పట్టుకున్నాను అంతే."

తోక లోపలినుంచి దెబ్బలు వినబడ్డాయి. నిదానంగా, ఒకదానికొకటి ఎడంగా. ఒకటి. రెండు. మూడు.

బర్డెట్ కప్పు మీంచి ఆమె వైపు చూశాడు. "నాకు మూడు వినబడ్డాయి," అన్నాడు.

ఆమెకూ మూడే వినబడ్డాయి. తీసేసి మళ్ళీ వెయ్యాలి. కాఫీ కప్పు తోక రెక్క మీద పెట్టబోయి, రంగుకి మరక అవుతుందని మానేసి, చేతిలోనే పట్టుకుంది. కొత్త రివెట్ల మీద, ఇంకా వెచ్చగా ఉన్నచోట, రెండో చెయ్యి ఆనించింది.

"ఇద్దరం చేశాం," అంది.

లోపల టార్చి వెలుతురు ఆగింది. ఆమె ఎదురుచూసింది. తర్వాత ఆమె అరచేతి కిందే, రేకు అవతలి వైపు, రెండు దెబ్బలు.